మంజీర నీటికి చేపల సాక్ష్యం

రెంజల్ మండలం కందకుర్తి దగ్గర మంజీర, హరిద్ర వచ్చి గోదావరిలో కలుస్తాయి. ఆ సంగమంలో ఉన్న పాత రాతి శివాలయం వానాకాలం వరదకు నీళ్లలో మునిగిపోతుంది, ఎండలు ముదిరేసరికి మళ్లీ బయటపడుతుంది. దిగువన పోచంపాడు దగ్గర కట్టిన శ్రీరాంసాగర్ నిండినప్పుడు వెనుక నీరు ఇక్కడిదాకా ఎగదన్నుతుంది. సముద్రపు అంచున, నది ముఖద్వారంలో, రోజుకు రెండుసార్లు పోటూ పాటూ వస్తాయి. కందకుర్తిలో ఏడాది మొత్తానికి ఒకటే పోటు, ఒకటే పాటు. ఉప్పు లేదు, మడ చెట్లు లేవు. అయినా ముఖద్వారం చేసే పనే ఈ చోటూ చేస్తుంది. పైనుంచి వచ్చిన నీరు ఇక్కడ వేగం తగ్గించుకుని తాను మోసుకొచ్చినదంతా దించుతుంది. బీదర్, బీడ్ జిల్లాల నల్లరేగడి మన్ను, పొలాల్లో చల్లిన యూరియా, ఊళ్ల మురుగు, చక్కెర సీమ కడుగునీళ్లు, అన్నీ ఏదో ఒక దారిన ఈ మూల చేరవలసినవే. నిజామాబాద్, బోధన్ ప్రాంతపు నీటి చరిత్ర రాయాలనుకున్నవారు మొదలుపెట్టాల్సిన చోటు ఇది. ఎందుకంటే ఈ సీమలో వందేళ్లుగా నీళ్ల లెక్క ఎంతో శ్రద్ధగా రాశారు. అడుగులు, క్యూసెక్కులు, టీఎంసీలు తప్పిపోకుండా రాశారు. ఆ నీళ్లలో ఏముంది, ఏ ప్రాణి బతుకుతోంది, ఏది కనిపించకుండా పోయింది అన్న లెక్క మాత్రం వలవేసేవాళ్ల నోటికే వదిలేశారు. ఆ నోటిమాట దస్త్రానికి ఎక్కలేదు. దానివల్ల పోయింది చేపలొక్కటే కాదు. ఈ రోజు రైతుగానీ, ఫ్యాక్టరీగానీ, పట్టణంగానీ నీటి గురించి తమ వాదన నిలబెట్టుకోవడానికి కావలసిన ఆధారమే పోయింది.

లెక్క రాయడం చేతకాక జరిగింది కాదు ఇది. మంజీర మీద అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ల మధ్య 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కొలతల మీద నిలబడ్డ కట్టడం. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరుగా, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో, దాదాపు నలభై ఊళ్లను ఖాళీ చేయించి కట్టిన ఆ ఆనకట్ట మొదటి నిల్వ 29.7 టీఎంసీలు. ఉద్దేశించిన ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. ప్రధాన కాలువ 155 కిలోమీటర్లు సాగి, తూము తూముకూ లెక్కకట్టి నీరు వదిలే ఏర్పాటు. అంతకుముందు ఊరి చెరువు కింద ఆ పని నీరడిది. మత్తడి మీద ఎంత పొర్లుతోంది, తూము ఎంత ఎత్తాలి, ఎవరి మడికి ఎన్ని జాములు అన్నది అతని కంటిచూపులో ఉండేది. నిజాంసాగర్ ఆ కంటిచూపును ఇనుప గేజీకీ కాగితానికీ మార్చింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చి కాలువ కింద భూములు కొని 'క్యాంపు'లు కట్టుకున్న రైతులకు ఆ కాగితమే భరోసా. వరి, చెరకు రెండూ దాని బలం మీదే పెరిగాయి. తర్వాత పూడిక విషయం చూడండి. నలభై ఏళ్లు తిరిగేసరికి, 1973 నాటికి, జలాశయం నిల్వ 11.8 టీఎంసీలకు పడిపోయిందని సర్వేలో తేలింది. వెంటనే నీటిమట్టాన్ని ఎత్తు పెంచి 1405 అడుగులకు చేర్చి, నిల్వను 17.8 టీఎంసీలకు తెచ్చారు. నీళ్ల అడుగున ఉన్న మన్నును కూడా లెక్కగట్టి, దానికి జవాబు కట్టగలిగిన ప్రభుత్వం ఇది. అయితే ఆ మన్నును కొలిచింది తరిగిపోయిన నిల్వగానే. అదే మన్ను నీటిలో వెలుతురును ఎంత ఆపింది, చేపలు గుడ్లు పెట్టే రాతి మడుగులను ఎన్నింటిని పూడ్చింది అన్న ప్రశ్న ఆ సర్వే పరిధిలో లేదు. ఏది కొలవాలో ముందే తేలిపోయింది: నీరంటే పారకం.

ఆ పారకం మీదే 1937లో బోధన్ పక్కన నిజాం చక్కెర ఫ్యాక్టరీ లేచింది. దాని చుట్టూ పెరిగిన శక్కర్‌నగర్ పేరులోనే చక్కెర ఉంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ అది. అందులోంచి వచ్చే మురుగు గురించి మాట్లాడేముందు చక్కెర తయారీ ఎలా నడుస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. క్రషింగ్ మొదలయ్యేది వానలు వెళ్లాక, నవంబరు ప్రాంతంలో. మార్చి, ఏప్రిల్ దాకా సాగుతుంది. చెరకులో నూటికి డెబ్బై వంతులు నీరే. రసం తీసి, సున్నం కలిపి, గంధకపు పొగ పట్టించి, తేటపరిచి, మరిగించి, గింజ కట్టించి, మడ్డిని వేరుచేసే దారిలో అడుగడుగునా కడుగుడు ఉంటుంది. మిల్లు బేరింగులను చల్లబరిచిన నీటిలో నూనె మరక ఉంటుంది. నేల కడిగిన నీటిలో రసం, పిప్పి రజను. వడపోత గుడ్డలు ఉతికిన నీటిలో మట్టి, మైనం. ఆవిరిని చల్లార్చే నీటిలోకి బాయిలింగ్ పొంగినప్పుడల్లా చక్కెర జారుతుంది. రసం మరిగే పాత్రలకు పట్టిన చెక్కు వదలగొట్టడానికి కొన్నాళ్లకోసారి కాస్టిక్ సోడా, ఆమ్లం పోసి కడుగుతారు. ఇది ఏ చక్కెర ఫ్యాక్టరీలోనైనా ఉండే సంగతే. మొలాసిస్‌తో సారాయి బట్టీ పెట్టుకున్న చోట దీనికి తోడు ముదురు కాఫీ రంగులో, మరుగుతూ వచ్చే బట్టీ మురుగు. ఒక లీటరు ఆల్కహాలుకు ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు. ఇక్కడ అసలు చిక్కు ఏమిటంటే చక్కెర విషం కాదు. అది తిండి. నీటిలో చేరగానే కంటికి కనబడని సూక్ష్మజీవులు దాన్ని పండగలా తింటాయి. తింటూ నీటిలో కరిగిన ప్రాణవాయువును వాడేస్తాయి. వాయువు అయిపోయాక వేరే రకం జీవులు పని అందుకుంటాయి. నీరు నలుపెక్కి, కుళ్లిన గుడ్ల వాసన లేస్తుంది. చేపను చంపేది చక్కెర కాదు, ఊపిరి ఆడకపోవడం. పైగా ఇదంతా జరిగేది నది ఎండి ఉన్న నెలల్లో. నిజాంసాగర్ నీరు కాలువల్లోకి మళ్లాక దిగువ మంజీరలో మిగిలేది అక్కడక్కడా మడుగులు, సన్నని పాయలు. వానాకాలపు వరదలో కలిస్తే జాడ తెలియని మురుగే మాఘమాసపు పాయలో మడుగునంతా చంపగలదు. క్రషింగ్ కాలమూ నది బక్కచిక్కే కాలమూ ఒకటే కావడం చక్కెర సీమ నీటికి పుట్టుకతో వచ్చిన గండం.

ఇవన్నీ ఆ రోజుల్లో ఎవరికి తెలుసు, శాస్త్రం తర్వాత పెరిగింది కదా అని ఒక మాట వినబడుతుంది. ఈ మాట నిలవదు. నీటిలో కరిగిన ప్రాణవాయువును కొలిచే పద్ధతిని లాయోష్ వింక్లర్ 1888లోనే చెప్పాడు. ఫ్యాక్టరీ పుట్టడానికి అర్ధశతాబ్దం ముందు. దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మూడొందల మిల్లీలీటర్ల గాజుసీసాను గాలిబుడగ మిగలకుండా నీటితో నింపాలి. రెండు మిల్లీలీటర్ల మాంగనీసు సల్ఫేటు, రెండు మిల్లీలీటర్ల క్షార అయొడైడు నీటి లోపలికి వదిలి బిరడా బిగించాలి. నీటిలో వాయువు ఉంటే గోధుమరంగు గసి దిగుతుంది. లేకపోతే ఆ గసి తెల్లగా ఉండిపోతుంది. నది ఒడ్డున నిలబడ్డ ఏ మనిషైనా ఆ రంగు చూసి నీరు బతికి ఉందో చచ్చిందో సగం చెప్పేయవచ్చు. ఆమ్లం పోసి కరిగించి, గంజి చుక్క వేసి నీలిరంగు తెప్పించి, ఫొటోల వాళ్లు వాడే హైపో ద్రావణంతో ఆ నీలిరంగు పోయేదాకా చుక్కచుక్కగా పోస్తే మిగతా సగం అంకెగా వస్తుంది. బడిలో రసాయనశాస్త్రం చదివినవాడి చేతిలో పని. ఆ సీసానే మూతపెట్టి కొన్నాళ్లు ఉంచి, ఎంత వాయువు ఖర్చయిందో చూసేదే బీఓడీ పరీక్ష. ఇంగ్లండులో మురుగునీటి మీద విచారణ జరిపిన రాయల్ కమిషన్ 1912 నాటి తన ఎనిమిదో నివేదికలో దానికి ప్రమాణం కట్టింది: లీటరుకు 20 మిల్లీగ్రాములు, ఐదు రోజుల పరీక్ష.

ఈ ఐదు రోజుల దగ్గర కాస్త ఆగాలి. ఐదే ఎందుకు అన్నదానికి చెప్పుకునే కారణం ఇది: బ్రిటన్ నదులు చిన్నవి, ఏ నదిలో పడిన నీరైనా ఐదు రోజుల్లో పోటుపాటుల ముఖద్వారానికి చేరి సముద్రంలో కలిసిపోతుంది, కాబట్టి ఆ ఐదు రోజులూ నది తట్టుకుంటే చాలు. అంటే ప్రపంచమంతా వాడిన కొలత వెనుక ఒక భూగోళం దాగి ఉంది. దగ్గర్లో సముద్రం ఉంది, రోజుకు రెండుసార్లు వచ్చి కడిగే పోటు ఉంది అన్న నమ్మకం అది. మన దేశంలో తర్వాత ఎండకు తగినట్టు దాన్ని 27 డిగ్రీల వద్ద మూడు రోజుల పరీక్షగా మార్చుకున్నారు. వేడి మారింది, నమ్మకం మారలేదు. మంజీరకు ఆ సముద్రం లేదు. కందకుర్తి దాటిన చుక్క అంతర్వేది చేరాలంటే వందల కిలోమీటర్లు పోవాలి. ముందు పోచంపాడు గేట్ల వెనుక నెలల తరబడి నిలవాలి, కాకతీయ కాలువలో పొలాలకు తిరగాలి, పొలం నుంచి వాగుకు, వాగు నుంచి మళ్లీ చెరువుకు రావాలి. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్ తర్వాత ఈ సీమ నీటికి 'పోయింది' అన్న మాట లేకుండా పోయింది. బోధన్ వాగులో పడిన మురుగు ఎక్కడికో కొట్టుకుపోదు. ఈ నేలలోనే తిరుగుతుంది. సముద్రం పక్కన ఉన్నవాళ్లకంటే ఎక్కువ జాగ్రత్తగా, ఎక్కువ కాలం కొలవాల్సిన చోటు ఇది. దిగువన గోదావరి ముఖద్వారాన్ని, యానాం దగ్గరి నీటిని, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖపట్నం కేంద్రం శాస్త్రవేత్తలు రోజువారీగా పరీక్షించారు; వరద తగ్గాక నాచుజీవులు ఎలా పెరుగుతాయో, పోషకాలు ఎప్పుడు ఎంత వస్తాయో రాశారు. నది చివర తెలిసినంత నది నడుమ కూడా తెలియాలి అనడం గొంతెమ్మ కోరిక కాదు.

చట్టం వచ్చాకైనా ఈ లోటు తీరిందా అంటే, సగమే తీరింది. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది. అంటే బోధన్‌లో క్రషింగ్ మొదలయ్యాక దాదాపు నాలుగు దశాబ్దాలు ఏ చట్టమూ ఫ్యాక్టరీని అడగలేదు. తర్వాత అడిగింది గొట్టం చివర. మురుగు బయటికి వచ్చే చోట బీఓడీ ఎంత, నూనె ఎంత, మడ్డి ఎంత. నదిలోకి వదిలితే 30, నేల మీదికి వదిలితే 100 దాటకూడదు. మంచి నియమమే. కానీ గొట్టం చివర 30 ఉంటే మడుగులో చేప బతికిందా అన్నది వేరే ప్రశ్న. పాయలో నీరు పదింతలు ఉన్నప్పుడూ, అసలు లేనప్పుడూ ఆ 30కి ఒకే అర్థం ఉండదు. దేశం మొత్తం మీద నదుల నాణ్యతను క్రమంగా చూసే ఏర్పాటు 1978లో మొదలైనప్పుడు నేల మీది నీటికి 24 కేంద్రాలు ఉన్నాయి, దేశానికంతటికీ. చక్కెర ఫ్యాక్టరీలు టన్ను చెరకుకు 200 లీటర్లకు మించి మురుగు వదలరాదన్న కఠిన నిబంధన 2016 జనవరిలో వచ్చింది. బోధన్ ఫ్యాక్టరీకి లేఆఫ్ ప్రకటించింది 2015 డిసెంబరులో. చివరి చెరకు బండి వెళ్లిపోయాక తలుపుకు తాళం చేరినట్టయింది. ఎగువన పటాన్‌చెరు పారిశ్రామిక వాడ నుంచి నక్కవాగు గుండా మంజీరకు చేరిన రసాయనాల కథ అందరికీ తెలుసు. రైతులు, స్థానిక వైద్యులు పోరాడి 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్తేగానీ ఆ వాగు నీటి పరీక్షలు బయటి ప్రపంచం పట్టించుకునే సాక్ష్యం కాలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో ప్రకటించిన కలుషిత నదీభాగాల జాబితాలో మంజీర ఉంది, బాసర నుంచి దిగువకు గోదావరి ఉంది. కందకుర్తి బాసరకు ఎగువన, ఎంతో దూరంలో లేదు.

మరి చేపల వైపు సాక్ష్యం ఏమైనా మిగిలిందా? మిగిలింది, అదీ అమూల్యమైనది. హైదరాబాద్ రాష్ట్రపు చేపల సర్వే పేరుతో ఎస్. మహమూద్, ఎం. రహీముల్లా జిల్లాలవారీగా వలలు వేయించి, దొరికిన జాతులను గుర్తించి, బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చువేశారు. అందులో ఒక భాగం 1947లో వచ్చిన నిజామాబాద్ జిల్లా చేపలు. నిజాంసాగర్ నిండి పదిహేనేళ్లు దాటింది, ఫ్యాక్టరీకి పదేళ్లు వచ్చాయి, పోచంపాడు, సింగూరు ఆనకట్టలు ఇంకా లేవు. సరిగ్గా ఆ సంధికాలంలో ఈ జిల్లా నీళ్లలో ఏయే చేపలు ఈదాయో చెప్పే పట్టిక అది. రహీముల్లా పనిచేసిన ఉస్మానియా జంతుశాస్త్ర విభాగంలోనే బి.కె. దాస్ ఆచార్యులుగా ఉండేవారు. నీటిలో వాయువు చాలనప్పుడు పైకి వచ్చి గాలి పీల్చుకునే భారతీయ చేపల మీద ఆయన రాసిన పెద్ద వ్యాసాన్ని 1927లో లండన్ రాయల్ సొసైటీ ప్రచురించింది. ఏ చేప ఎంత తక్కువ వాయువులో బతుకుతుందో తెలిసినవారు, జిల్లాలో ఏ చేప ఉందో తెలిసినవారు, ఇద్దరూ హైదరాబాద్‌లో ఒకే కప్పు కింద ఉన్నారన్నమాట. ఆ రెండు జ్ఞానాలను కలిపి మంజీర మీద పెట్టి ఉంటే బోధన్‌కు తన సొంత నీటి తూనిక దొరికేది. యూరపులో కోల్క్‌విట్జ్, మార్సన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు 1902 నుంచే ఆ పని చేస్తున్నారు. వాగులో ఏ పురుగులు, ఏ నాచు, ఏ గుల్లలు ఉన్నాయో చూసి ఆ నీటి మురుగు స్థాయిని చెప్పే పద్ధతి వాళ్లది. దానికి మూలసూత్రం సులువైనది. రసాయన పరీక్ష సీసా నింపిన క్షణానికే సాక్షి. ప్రాణి మాత్రం గడిచిన నెలలన్నిటికీ సాక్షి. రాత్రిపూట వదిలిన మురుగు తెల్లారేసరికి దాటిపోవచ్చు, కానీ ఆ రాత్రి చచ్చిన రొయ్యలు మర్నాడు బతికి రావు.

గంగపుత్రులకూ ముదిరాజులకూ ఈ సూత్రం ఎవరూ నేర్పలేదు. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని నీటి పైపైన తేలుతున్నాయంటే నీరు బరువెక్కిందని వాళ్లకు తెలుసు. కారణం శాస్త్రం చెబుతుంది: పగలంతా వాయువు వదిలిన నాచు రాత్రి దాన్ని తానే పీల్చుకుంటుంది, మురుగు కలిసిన మడుగులో తెల్లవారేసరికి అది అడుగంటుతుంది. ముప్పై డిగ్రీల నీటిలో ఎంత నిండుగా కరిగినా వాయువు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. ఐదు కన్నా తగ్గితే చేప నలుగుతుంది, రెండు దగ్గర చావు మొదలు. ముందు రొయ్యలు ఒడ్డుకు పాకుతాయి, తర్వాత పరకలు, ఆ తర్వాత రవ్వ, బొచ్చె తేలుతాయి. చివరిదాకా మిగిలేది కొర్రమీను, మార్పు. ఎందుకంటే అవి పైకి వచ్చి గాలి మింగగలవు. ఈ వరస ఒక కొలబద్ద. మడుగులో పది జాతులు పడే వలలో రెండే పడుతున్నాయంటే, ఆ రెండూ గాలి పీల్చేవేనంటే, ఆ మడుగు గురించి ప్రయోగశాల అక్కర్లేకుండానే ఒక నివేదిక వచ్చినట్టు. తెలంగాణ ప్రభుత్వం కొర్రమీనును రాష్ట్ర చేపగా ఎంచుకుంది. రుచికీ ధరకూ అది తగిన గౌరవమే. కానీ నీటికి సాక్షిగా మాత్రం అది పనికిరాదు. మురుగును ఓర్చుకోవడమే దాని గొప్ప.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. మంజీర చేపలను తగ్గించింది ఫ్యాక్టరీలూ మురుగూ కాదు, ఆనకట్టలూ పూడికా అంటారు. ఇందులో చాలా నిజం ఉంది. గోదావరి రొయ్య పిల్లదశలో ఉప్పు కలిసిన నీరు లేకుండా పెరగదు. ముఖద్వారంలో పెరిగి పైకి ఎదురీది రావాలి. మలుగుపాము దీనికి పూర్తిగా ఎదురు: పెరిగేది మంచినీటిలో, గుడ్లు పెట్టేది సముద్రంలో. ఈ రెండింటికీ మన సీమ కూడా ఆ దూరపు పోటుపాటుల నేలలో ఒక భాగమే. 1852లో ధవళేశ్వరం, ఆ తర్వాత ఒక్కొక్కటిగా పైకి వచ్చిన ప్రతి కట్టా ఆ దారిని మూసింది. అయితే ఈ నిజం కొలతలు అక్కర్లేదని చెప్పదు, మరింత కావాలని చెబుతుంది. కట్ట వల్ల పోయే జాతులు వేరు, ఊపిరాడక పోయేవి వేరు, మన్ను పూడి గుడ్లు పెట్టే చోటు లేక పోయేవి వేరు. దారి మూసుకుపోతే ముందు పోయేది మలుగు. వాయువు తగ్గితే ముందు పోయేది పరక, రవ్వ. ఏ చేప ఏ దశాబ్దంలో వలకు రావడం మానేసిందో రాసి ఉంటే నేరం ఎవరిదో ఆ పట్టికే విడదీసి చెప్పేది. రాయకపోవడం వల్ల ప్రతివారూ మరొకరి మీదికి నెట్టగలిగారు.

ఇంకొందరు, చేపల దిగుబడి పెరిగింది కదా, నీరు బాగుందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అంటారు. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను చెరువుల్లో, జలాశయాల్లో వదులుతోంది. సహకార సంఘాలకు ఆదాయం వచ్చిన మాట వాస్తవం, మత్స్యకారుల ఇళ్లకు అది చిన్న సంగతి కాదు. కానీ వానాకాలంలో వదిలి ఎండాకాలానికి పట్టుకునే చేప ఆ నీటిలో చుట్టం. అక్కడ గుడ్లు పెట్టక్కర్లేదు, తన పిల్లలు బతకక్కర్లేదు. ఎనిమిది తొమ్మిది నెలలు గడిస్తే చాలు. టన్నుల లెక్క నీటి ఆరోగ్యాన్ని చెప్పదు. ఆఫ్రికాలో పుట్టి 1952లో మన దేశానికి వచ్చిన తిలాపియా దెబ్బతిన్న చెరువులోనూ వలనిండా పడుతుంది. నీటి తరఫున సాక్ష్యం చెప్పగలిగేది అక్కడే పుట్టి అక్కడే పిల్లలను పెట్టే చిన్న చేప. బజారులో ధర పలకదు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కపెట్టరు.

అన్నిటికన్నా మనసుకు తగిలే అభ్యంతరం బోధన్‌ది. ఫ్యాక్టరీ వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లి, పదమూడేళ్లకు మూతబడింది. కార్మికులు జీతాల బకాయిల కోసం వీధికెక్కారు. చెరకు రైతు పంట మార్చుకోవాల్సి వచ్చింది. పడిపోయినదాని మీద ఇప్పుడు మురుగు మాట ఎత్తడం న్యాయమా? ఈ ప్రశ్న వేసేవారి బాధ నిజమైనది. కానీ నీటి లెక్క ఫ్యాక్టరీకి శత్రువు కాదు. మురుగులోకి జారే ప్రతి కిలో చక్కెర బస్తాలోకి రాని చక్కెరే. వాయువు తగ్గిన వాగు బాయిలింగ్ హౌసులో ఎక్కడో పొంగు పోతోందని ముందే చెప్పే గంట. అదే లెక్క ఉంటే చేయని తప్పు మోయాల్సిన అవసరమూ ఉండదు. నిజామాబాద్ పట్టణం పెరిగి పులాంగు వాగు మురుగు కాలువ అయింది. కాలువ కింద రెండు పంటల వరికి ఎరువులు పెరిగాయి. ఇవి ఫ్యాక్టరీ పాపం కాదని నిరూపించడానికైనా అంకెలు ఉండాలి. కార్మికుడి పక్షాన నిలబడేవారు ఈ అంకెలను అడగవలసిన మొదటివారు.

ఇప్పుడు ఆ అంకెలను రాయడానికి ఒక సందు దొరికింది, అది ఎంతకాలం తెరిచి ఉంటుందో చెప్పలేం. 1937 తర్వాత బోధన్ చుట్టూ వాగులు ఇన్నేళ్లు వరసగా క్రషింగ్ లేకుండా పారడం ఇదే మొదటిసారి. ఫ్యాక్టరీని తిరిగి తెరిచే దారులు చూడమని 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీని వేసింది. తెరుచుకోవాలని కోరుకునేవాళ్లే ఈ సీమలో ఎక్కువ, కోరుకోవడం సబబే. అయితే పొయ్యి రాజేసేముందు మూడు సంవత్సరాల పాటు, క్రషింగ్ జరిగే నెలల్లోనే, ఆ వాగుల నీటిని తెల్లవారుజామున వింక్లర్ సీసాలో పట్టాలి. పగలు పట్టిన నీరు అబద్ధం చెబుతుంది. సాలూర వంతెన కింద మంజీర, బోధన్ బెల్లాల్ చెరువు, నిజాంసాగర్ దిగువ మడుగులు, కందకుర్తి సంగమం. ఈ నాలుగు చోట్లా 1947 పట్టికను పక్కన పెట్టుకుని వల వేయాలి. వల పట్టేది గంగపుత్రులే కావాలి, వాళ్ల పేరు నివేదికలో సహపరిశీలకులుగా ఉండాలి, కూలీలుగా కాదు. ఇంకో తొందర కూడా ఉంది. 2021 ఏప్రిల్‌లో కాళేశ్వరం ఎత్తిపోసిన నీరు హల్దీవాగు గుండా మంజీరలోకి, అక్కడి నుంచి నిజాంసాగర్‌కు వచ్చింది. ప్రాణహిత నుంచి బయల్దేరిన నీరు, వందల కిలోమీటర్లు ఎదురెక్కి, తన నది కాని మరో పాయలో కలిసింది. నీటితో గుడ్లు వస్తాయి, పిల్లలు వస్తాయి, గుల్లలు వస్తాయి. నిజాంసాగర్ మట్టం ఎన్ని అడుగులు పెరిగిందో మర్నాటి పత్రికలు జిల్లా పేజీలో వేశాయి. ఆ నీటితో మంజీరలోకి కొత్తగా వచ్చినవారెవరో, పాతవారిలో మిగిలినదెవరో, మొదటి వల తీసినవాడే మొదట చూస్తాడు.